నక్కలదొన మలుపు కంచె

బూదిగుట్టపల్లి,
18 నవంబరు 2002

హేమక్కకు నీ చెల్లెలు అరుణజ్యోతి నమస్కారం.

ఫోను చేద్దామంటే మా ఇంట్లో ఫోను హాలు నడిమధ్యన ఉంది. మండల పరిషత్ అధ్యక్షురాలి ఫోను కాబట్టి అది మోగితే వినే హక్కు ఊరందరికీ ఉంది. అందుకే కాగితం పట్టాను. యాడికి ఊరి బళ్లో పిల్లల వ్యాసాలు దిద్దీ దిద్దీ నీ వేళ్లు కాయలు కాచి ఉంటాయి. దీన్ని మాత్రం దిద్దకుండా చదువు.

మొన్న శనివారం మా సర్వసభ్య సమావేశం జరిగింది. టిక్కెట్టు పెట్టి చూపించవలసిన నాటకం. పదకొండు మంది వచ్చారు. అందులో నలుగురు, గెలిచిన ఆడవాళ్ల బదులు వచ్చిన మొగుళ్లు. వాళ్లకు తెలిసిన మాట ఒక్కటే, బోరు. నాకు బోరు, మా బావమరిదికి బోరు, మా వీధికి బోరు. మూడేళ్లుగా వానలు లేక ఎండిన నేలకు ఇంకెన్ని చిల్లులు పొడుస్తారో. మా ఆయన నాగేశ్వర నా పక్కన కుర్చీ వేసుకుని, నేను నోరు తెరిచే లోపల నా జవాబులు తనే చెప్పేస్తున్నాడు. ఎంపీడీఓ దేనికైనా "పరిశీలిస్తాం" అంటాడు. ఆయన ఇల్లు కాలుతోందని చెప్పినా అదే అంటాడేమో.

టీలయ్యాక అసలు వినోదం మొదలైంది. సోమప్ప అని గొర్రెల కాపరి ఒకడున్నాడు. అరవై దాటిన మనిషి. గొంగడి భుజాన వేసుకుని వస్తే హాలంతా మంద వాసన. గోరంట్ల నుంచి కదిరివైపు పోయే దారిలో నక్కలదొన కనుమ ఉంది చూడు, ఆ పెద్ద మలుపులో బండ్లు లోయలోకి పడకుండా రోడ్డు అంచున ఇనుప గుంజలు నాటి, వాటికి పొడవాటి రేకులు బిగించారు. ఆ కంచెను రెండేళ్ల కిందట బండరాళ్ల లారీ గుద్దింది. ఏడు గుంజలు ఊడిపోయాయి. వాటిని మళ్లీ నాటమని ఇతను ప్రతి సమావేశానికీ వస్తాడు. ఇది నాలుగోసారి.

ఒక సభ్యుడు అడిగాడు, "ఏమప్పా సోమప్పా, నీ గొర్లు పడిపోతాండాయా?" అని.

"గొర్లకు బుద్ధుండాది సార్, అంచుకు పోవు. జీపులోల్లకే లేదు" అన్నాడు.

అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇక అతన్ని బయటికి సాగనంపాలంటే వేరే దారి లేక, కంచె మరమ్మతుకు సాధారణ నిధి నుంచి ముప్పై ఎనిమిది వేలు మంజూరు చేస్తూ తీర్మానం రాయించాను. ఇంజనీరు నావైపు జాలిగా చూశాడు. ఇంటికొచ్చాక నేనతనికి 'రేకు సోమప్ప' అని పేరు పెట్టాను. ఆ పేరు అప్పుడే ఆఫీసులో పాకింది.

నీ
అరుణ

యాడికి,
2 డిసెంబరు 2002

అరుణా,

దిద్దొద్దన్నావు, దిద్దలేదు. మార్కులు మాత్రం వేస్తాను. వెటకారానికి తొమ్మిది, బుద్ధికి రెండు.

నక్కలదొన కనుమ గురించి నాకు చెప్పకు. దాని కింది ఊరు దొనపల్లెలో మూడేళ్లు పాఠాలు చెప్పాను. నీ పెళ్లికి ముందు సంగతి. అప్పుడు ఈ కంచె కూడా లేదు. బస్సు ఆ మలుపు తిరుగుతుంటే కిటికీ పక్క సీటు కోసం రోజూ కొట్టుకునే వాళ్లు కూడా లేచి ఇవతలి పక్కకు వచ్చేవాళ్లు. లోయ అంత దగ్గరగా కనిపించేది.

నీ సభలో పనికొచ్చే మాట ఆడినవాడు ఒక్కడు. వాడికి నువ్వు పేరు పెట్టావు. మిగిలిన వాళ్లంతా కుర్చీలకు బరువు. వాళ్లను చూసి నవ్వుతూ నువ్వు వాళ్ల మధ్యనే కూర్చున్నావు. దూరం నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియదు.

తీర్మానం రాశావు, మంచిది. గుంజలు ఎప్పుడు నాటుతారు? తేదీ రాయి.

హేమలత

బూదిగుట్టపల్లి,
27 జనవరి 2003

అక్కా,

జవాబు ఆలస్యమైంది. పనులు అట్లా మీద పడ్డాయి. మంత్రిగారు మా మండలానికి వచ్చి వెళ్లారు. బస్టాండు దగ్గర స్వాగత ఆర్చి కట్టించాం. పైన రెండు సిమెంటు ఏనుగులు, మధ్యలో పేర్లు. నా పేరు మూడో వరుసలో ఉంది. రెండో వరుసలో ఎవరి పేరుందో అడగొద్దు, మా ఆయన పదవి ఏమిటో ఆ చెక్కినవాడికీ తెలియక 'ప్రముఖులు' అని చెక్కాడు. మంత్రిగారు కారు దిగి ఆర్చి కింద పదకొండు నిమిషాలు నిలబడ్డారు. దండలు మెడలో పడుతుంటే తీసి వెనక్కి ఇస్తూ, ఒక్కసారి కూడా తల ఎత్తి ఏనుగులను చూడలేదు. ఈ మనుషుల కోసం ఊరంతా నెలరోజులు నిద్ర మానుకుంది.

నీ కంచె సంగతి. అన్ని పనులకూ వరుస ఉంటుంది అక్కా, బళ్లో గంట కొట్టినట్టు జరగవు. మంత్రిగారు కనుమ మీదుగా వస్తారని, ఉన్న గుంజలకు నలుపూ తెలుపూ రంగు వేయించాం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. సోమప్ప ఆ రంగు చూసి నేరుగా మా ఇంటికే వచ్చాడు.

"వంగిన గుంజకు రంగేస్తే నిలబడ్తాదామ్మా?" అని వాకిట్లో నిలబడి అడిగాడు. మా ఆయన నీళ్లివ్వమని చెప్పి లోపలికి పోయాడు. నేను ఆ మాట ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వించాను. గుంజలు లేని ఖాళీలో అతను సర్కారు తుమ్మ కంప కొట్టి అడ్డం పెట్టి, కలబంద నారతో కట్టాడట. ఇక నీకేం భయం? కంచె వచ్చేసినట్టే కదా.

నీ వెటకారపు చెల్లెలు
అరుణ

యాడికి,
10 ఫిబ్రవరి 2003

అరుణా,

ఏనుగుల గురించి ఒక పేజీ రాశావు. గుంజల గురించి నాలుగు లైన్లు రాశావు, తేదీ లేదు. నేను ముప్పై ఏళ్లుగా పాఠం చదవని పిల్లల ముఖాలు చూస్తున్నదాన్ని. జవాబు తెలియనివాడు దిక్కులు చూస్తాడు. తెలిసీ చెప్పకూడదనుకున్నవాడు ఇట్లా వేరే కథ ఎత్తుకుంటాడు.

కంచెకని పెట్టింది ఆర్చికి పోయిందా? అవును, కాదు. రెండింటిలో ఒక మాట రాయి. అది వచ్చేదాకా నాకు ఇంకేమీ రాయకు.

హేమలత

బూదిగుట్టపల్లి,
16 ఏప్రిల్ 2003

అక్కా,

రాయొద్దన్నావు. రెండు నెలలు రాయలేదు. ఇప్పుడు రాయడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు.

పోయిన శుక్రవారం సాయంత్రం నక్కలదొన మలుపులో జీపు లోయలో పడింది. బోరుబావి కింద వేసిన చేలో చెనక్కాయలు పెరికి ఇంటికి పోతున్న కూలి ఆడవాళ్లు. పంతొమ్మిది మంది. ఎదురుగా లారీ వస్తే జీపువాడు దారి ఇద్దామని అంచుకు తీశాడు. సరిగ్గా గుంజలు లేనిచోటికి. తుమ్మ కంప జీపును ఆపుతుందా.

నలుగురు చనిపోయారు. దొనపల్లె వాళ్లే. అందులో ఆంజినమ్మ అనే ఆమెకు ఇరవై ఏడేళ్లట, ఇద్దరు పిల్లలు. మిగతా వాళ్లు హిందూపురం ఆసుపత్రిలో ఉన్నారు.

కబురు తెలిసి మేం సుమోలో పోయేసరికి సోమప్ప అప్పటికే లోయలోకి దిగి ఉన్నాడు. ఇంకో ఇద్దరు కాపర్లతో కలిసి, గొంగడిలో ఒక్కొక్కరినీ పడుకోబెట్టి, నాలుగు కొసలూ పట్టుకుని పైకి మోస్తున్నారు. ఆ రాళ్లల్లో ఒట్టి చేతులతో నడవడమే కష్టం. ఆరుసార్లు దిగి ఎక్కాడు. నేను అంచున నిలబడి, ఇటు తీసుకురండి, అటు పడుకోబెట్టండి అంటున్నాను. ఎవరూ అడగలేదు, నేనే అంటున్నాను. ఆంజినమ్మను పైకి తెచ్చినప్పుడు సోమప్ప నావైపు చూడకుండా పక్కవాడితో అన్నాడు:

"ఆయమ్మను పక్కకు పొమ్మనప్పా. కాళ్లకడ్డం వస్తాండాది."

నేను పక్కకు జరిగాను. అంతకుమించి నేను చేసింది ఏమీ లేదు.

ఇప్పుడు విచారణ వస్తోంది. నిన్న మా ఆయన, ఇంజనీరు ఒక కాగితం తెచ్చారు. కంచె అన్ని గుంజలతో సరిగానే ఉందనీ, జీపు వేగంగా వచ్చి గుద్దడం వల్లే ఊడిపోయిందనీ అందులో ఉంది. డ్రైవరు కూడా పోయాడు కాబట్టి ఎదురు చెప్పేవాడు లేడట. నేను సంతకం పెట్టాలట. తలనొప్పిగా ఉందని గదిలోకి వచ్చి నీకు రాస్తున్నాను. ఏం చేయాలి?

అరుణ

యాడికి,
21 ఏప్రిల్ 2003

అరుణా,

ఏం చేయాలని నన్ను అడుగుతున్నావు. ఏం చేయాలో ఆ గొర్రెల కాపరి నీకు నాలుగుసార్లు చెప్పాడు. అప్పుడు నువ్వు నన్ను అడగలేదు.

చనిపోయిన డ్రైవరు మీద తప్పు రాయడానికి ఎంత ధైర్యం కావాలి! మీ ఇంజనీరు చదివిన చదువుకు, మీ ఆయన కట్టుకున్న తెల్ల పంచెకు ఇదేనా ఫలం? వాళ్ల గురించి తిట్టడానికి కూడా సిరా దండగ. నేను అడిగేది నిన్ను. నా ఫిబ్రవరి ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. ఆర్చికి మళ్లించిన కాగితం మీద సంతకం ఎవరిది? నీదే అయితే, చదివి పెట్టావా, చదవకుండా పెట్టావా?

ఇంకొకటి. ఆ ఆంజినమ్మ తండ్రి పేరేమిటి? గురప్పా? కనుక్కుని రాయి. మర్చిపోకు.

హేమలత

బూదిగుట్టపల్లి,
30 జూన్ 2003

అక్కా,

ముందు నీ చివరి ప్రశ్నకు. అవును, గురప్ప కూతురే. నీకు ఆమె తెలుసా?

ఇక మిగతాది. సంతకం నాది. చదివే పెట్టాను. డిసెంబరు పదమూడున కాగితం నా ముందు పెట్టినప్పుడు, 'నక్కలదొన కంచె మరమ్మతు నుంచి స్వాగత ఆర్చికి' అని స్పష్టంగా ఉంది. నాకు అర్థం కాకపోలేదు. పోతే పోనీ, రేకే కదా అనుకున్నాను. ఆ సాయంత్రమే నీకు ఉత్తరం మొదలుపెట్టి, ఆ ముక్క రాయలేక చించేశాను. నీకు వెటకారం రాయడం నాకు తేలిక. అది ఒక్కటే రాయలేకపోయాను.

నీ ఉత్తరం అందాక కూడా వెంటనే ధైర్యం రాలేదు. ఒంట్లో బాగాలేదని ధర్మవరంలో అమ్మ దగ్గరికి పోయి పడుకున్నాను. నేను లేనని విచారణ రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి నన్ను పిలిపించారు. 26న మండలాఫీసులో అనంతపురం నుంచి వచ్చిన అధికారి ముందు కూర్చున్నాను. కారు దిగేముందు మా ఆయన చెప్పాడు:

"కంచె బాగుండె అను. అంతే. ఒక్క మాట. మిగతాది నేను చూసుకుంటా."

లోపల సభ్యులున్నారు, ఎంపీడీఓ ఉన్నాడు, ఇంజనీరు ఫైలు పట్టుకుని ఉన్నాడు. వెనక బెంచీ మీద చనిపోయిన వాళ్ల ఇళ్లవాళ్లు, డ్రైవరు భార్య లక్ష్మీదేవమ్మ, సోమప్ప. ఆమె కళ్లు నేల మీదే ఉన్నాయి. ఆమె మొగుడు తాగి నడిపాడని అప్పటికే ఊరంతా పాకించారు.

అధికారి అడిగాడు: "ప్రమాదానికి ముందు కంచె స్థితి ఏమిటి?"

"ఏడు గుంజలు లేవు" అన్నాను. "రెండున్నరేళ్లుగా లేవు. వెనక బెంచీలో ఉన్న సోమప్ప నాలుగుసార్లు వచ్చి చెప్పాడు. మరమ్మతుకు మంజూరు చేసి, ఆ సొమ్మును ఆర్చికి మళ్లించాం. సంతకం నాది."

ఇంజనీరు లేచి, "మేడంకు ఆరోగ్యం బాగాలేదు సార్" అన్నాడు.

"నాకు బాగానే ఉంది. ఆ ఫైలు ఇట్లా ఇవ్వండి" అన్నాను. అతను ఇవ్వలేదు. అధికారే చెయ్యి చాపి తీసుకున్నాడు. మళ్లింపు కాగితం అందులోనే ఉంది. దాన్ని తీసేయాలన్న తెలివి కూడా వాళ్లకు లేదు. ఇటువంటి వాళ్ల మధ్య తెలివైనదాన్నని రెండేళ్లు మురిసిపోయాను.

డ్రైవరు తాగలేదని ఆసుపత్రి కాగితంలో ఉందట. దాన్ని కూడా చదివి వినిపించమని అడిగాను. చదివారు. లక్ష్మీదేవమ్మ తల ఎత్తింది. నన్ను కాదు, సభ్యులను ఒక్కొక్కరినీ వరసగా చూసింది. ఒక్కడు కూడా ఆమె ముఖం చూడలేకపోయాడు.

ఇంటికొచ్చాక మా ఆయన అరవలేదు. చెప్పులు విప్పుతూ నిదానంగా అన్నాడు: "మన నోట్లో మనమే మన్ను పోసుకుంటిమి గదే. నిన్ను కుర్చీలో కూచోబెట్టింది సంతకం పెట్టేదానికి. మాట్లాడేదానికి కాదు."

"సంతకం పెట్టినాను కాబట్టే మాట్లాడినాను" అన్నాను. అప్పటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

సోమప్ప ఏమన్నాడని అడుగుతావేమో. బయటికి పోతూ నా పక్క నుంచే పోయాడు. ఆగలేదు.

అరుణ

యాడికి,
9 జులై 2003

అరుణా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీకు రాయవలసింది ఒకటుంది. ఏప్రిల్‌లోనే రాయాల్సింది. తండ్రి పేరు తెలిశాక రాద్దామని నాకు నేనే గడువు పెట్టుకున్నాను. వేరే గురప్ప అయి ఉంటే బాగుండునని.

దొనపల్లె బళ్లో ఆంజినమ్మ నా తరగతి పిల్ల. చిన్నప్పటి నుంచీ లెక్కలు చకచకా చేసేది. అయిదో తరగతికి వచ్చాక చేలల్లో పని ఉన్నప్పుడల్లా తల్లి పిలుచుకుని పోయేది. వారంలో రెండు రోజులే వచ్చేది. ఒకసారి పన్నెండు రోజుల తర్వాత వచ్చి, గోళ్లల్లో మట్టితో బెంచీ మీద కూర్చుంది. నేను అందరి ముందర నిలబెట్టాను. "నీకు పలక ఎందుకు? పో, పోయి చెనక్కాయలు పెరుక్కో. నీ బతుక్కు అదే సరి" అన్నాను. పిల్లలు నవ్వారు. నీ సభలో నవ్వినట్టే. ఆ పిల్ల పలక బెంచీ మీద పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. నేను పిలవడానికి పోలేదు. నాకు బదిలీ కావాలి, ఆ కరువు ఊరి మీద నాకు అసహ్యం, అంతే.

పదహారేళ్లయింది. నా మాటవల్లే ఆమె ఆ జీపెక్కిందని అనను. అట్లా అనుకోవడం కూడా ఒక గొప్పే. అయినా నీ ఉత్తరంలో ఆ పేరు చూసినప్పటి నుంచి తరగతిలో ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేకపోతున్నాను. నీకు బుద్ధికి రెండు మార్కులు వేసిన చేతి సంగతి ఇది.

పోయిన ఆదివారం దొనపల్లె పోయాను. ఆంజినమ్మ అత్త హనుమక్క, పిల్లలు ఉన్నారు. పెద్దది భారతి, ఎనిమిదేళ్లు. నేనెవరో చెప్పాను. ఏమన్నానో అది కూడా చెప్పాను. హనుమక్క విని, "మా యాంజి ఎప్పుడూ ఆ మాట చెప్పలేదమ్మా. అయినా ఇప్పుడొచ్చి చెప్తే యాంజికి వినపడ్తాదా?" అంది. తర్వాత ఎండలో నిలబడొద్దని లోపలికి పిలిచింది.

భారతిని చదువుకు యాడికిలో నా దగ్గరికి పంపమని అడగలేదు. అడిగే ముఖం లేదు. నెలకోసారి వస్తానని చెప్పాను. "రా. ఎవరొద్దన్నారు" అంది.

నువ్వు 26న చేసింది సరైన పని. ఇంత ఆలస్యం చేయకుండా చేసి ఉంటే మెచ్చుకునేదాన్ని.

హేమ

బూదిగుట్టపల్లి,
12 అక్టోబరు 2003

అక్కా,

అనుకున్నదే జరిగింది. పోయిన నెల నా మీద అవిశ్వాసం పెట్టి దింపేశారు. చేతులెత్తిన వాళ్లలో సమావేశానికి ఒక్కరోజు కూడా రాని ముగ్గురు ఉన్నారు. ఆ రోజు మాత్రం ఇస్త్రీ చొక్కాలతో, వేళకు ముందే వచ్చారు. ఆర్చి మీద నా పేరును సిమెంటు పూసి మూసేశారు. ఏనుగులు అట్లాగే ఉన్నాయి. ఇంజనీరును సస్పెండు చేశారని అన్నారు. నెల తిరక్కముందే ఇంకో మండలంలో కనిపించాడట. మా ఆయన ఇప్పుడు కొత్త అధ్యక్షుడి పక్కన కుర్చీ వేసుకుంటున్నాడు. నేను ఇంట్లోనే ఉన్నాను, ఒకే గడప, వేరు వేరు పొయ్యిలు లేవు గాని ఉన్నట్టే.

కంచె పని మాత్రం పైనుంచి ఉత్తర్వు రావడంతో మొదలైంది. నిన్న చూద్దామని బస్సెక్కి పోయాను. ఏడు కొత్త గుంజలు నాటారు, రేకు ఇంకా బిగించలేదు. కూలీలు సిమెంటు గంపలు కడుగుతున్నారు. సోమప్ప గొర్రెలతో అక్కడే ఉన్నాడు. నన్ను చూశాడు. ఒక్కొక్క గుంజ దగ్గరికీ పోయి, రెండు చేతులతో పట్టుకుని, కాలు తన్నిపెట్టి ఊపి చూస్తున్నాడు. అయిదో దాని దగ్గర ఆగాడు.

"ఇది కదుల్తాండాది" అన్నాడు, ఎవరితోనో కాదు, గుంజతోనే అన్నట్టు.

నేను పోయి ఊపాను. నిజమే. గుంట జానెడు కూడా తవ్వలేదు, పైపైన సిమెంటు పోసి పెట్టారు. పెరికి మళ్లీ నాటమని మేస్త్రీతో చెప్పాను.

మేస్త్రీ నవ్వాడు. "మేడం, మీరిప్పుడు ప్రెసిడెంటు కాదు గదా. కాంట్రాక్టరు చెప్తే చేస్తాం. పొద్దు పోతాండాది, ఇంటికి పోండి."

ఆ నవ్వు నాకు బాగా తెలిసిన నవ్వు అక్కా. రెండేళ్లు నేనే నవ్వాను. ఈసారి దాని ఎదుట నిలబడి ఉన్నాను, అంతే తేడా.

నేను ఇంటికి పోలేదు. వాళ్ల ట్రాక్టరు ముందు, రోడ్డు మీద కూర్చున్నాను. రోడ్డు ఇంకా కాలుతోంది. మేస్త్రీ బతిమాలాడు, గద్దించాడు, కాంట్రాక్టరుకు కబురు పెడతానన్నాడు. పెట్టుకో అన్నాను. అటుగా వచ్చిన బస్సు ఆగింది. జనం దిగి ఏమిటని అడిగారు. సోమప్పే చెప్పాడు, గుంజను ఊపి చూపించి. ఒక్కొక్కరూ వచ్చి ఊపి చూశారు. దాంతో మేస్త్రీ ముఖం మాడింది. "పెరకండ్రా" అన్నాడు గడ్డపారవాళ్లతో.

బస్సు పోయింది. వాళ్లు తవ్వడం మొదలుపెట్టారు. ఈలోగా సోమప్ప మంద ఎగువకు జరిగిపోయింది. కర్ర తీసుకుని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, జీపు పడినప్పటి నుంచి మొదటిసారి నన్ను చూసి మాట్లాడాడు.

"నడుంలోతు తవ్వాల. కంకర నిండా పొయ్యాల. అంతదాకా లేయొద్దమ్మా. నేను గొర్లు మళ్లేసుకొని వస్తా."

సరేనన్నాను. అతను పోయాడు. నేను గుంటలోకి చూస్తూ కూర్చున్నాను. మోకాలిలోతు వచ్చాక మేస్త్రీ "చాల్లే" అన్నాడు. "చాలదు" అన్నాను.

అరుణ